మొదటి సర్వీసు నేను చూడలేదు

టెన్నిస్ అంపైరింగ్ పరీక్ష పాసై కొత్తగా బ్యాడ్జి పెట్టుకున్న పిల్లలు ఈమధ్య నన్ను పిలిచి శాలువా కప్పారు. "మీ అనుభవంలోంచి ఒక్క మాట చెప్పండి సార్" అన్నారు. నేను చెప్పింది నిజంగానే ఒక్క మాట. "ప్లే అన్నాక తల దించకండి" అన్నాను. వాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు గానీ, ఈ మాత్రానికి శాలువా దండగ అనుకునే ఉంటారు. అందుకని ఆ మాట వెనక ఏముందో కాగితం మీద పెడుతున్నాను. చదివాక శాలువా వెనక్కి ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు అన్నం పెట్టినవి కబడ్డీ, వాలీబాల్. టెన్నిస్ నా సరదా. నలభై దాటాక పట్టుబట్టి చదివి అంపైరు పరీక్ష పాసయ్యాను. ఏడాదికి రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట ఆ ఎత్తైన కుర్చీ ఎక్కే అవకాశం వచ్చేది. "ఇంట్లో కుర్చీలు చాలడం లేదా?" అనేది మా ఆవిడ. ఆ కుర్చీలో కూర్చుంటే ఎంతటి ఆటగాడైనా మన నోటివంక చూడాల్సిందే. ఇంట్లో ఆ సదుపాయం లేదని ఆవిడకి ఎలా చెప్పను?

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి, వేరే ఊళ్ళో జరగాల్సిన మగవాళ్ళ ప్రొఫెషనల్ సింగిల్స్ టోర్నమెంటు ఒకటి అక్కడి కోర్టులు సిద్ధం కాక ఏలూరు వచ్చింది. ప్రపంచ టెన్నిస్‌లో అది అన్నిటికంటే కింది మెట్టు. అయినా మెట్టు మెట్టే. అక్కడ ఫలితాలు రోజూ సాయంత్రం ఫ్యాక్సులో పై ఆఫీసుకి వెళతాయి. మొదటి రౌండు గెలిచినవాడికి ఒక్క ర్యాంకింగ్ పాయింటు వస్తుంది. ఆ ఒక్క పాయింటుతో సోమవారం నాడు వెలువడే ప్రపంచ ర్యాంకుల జాబితాలో అతని పేరు ఎక్కుతుంది. వెయ్యిమంది తరవాత ఎక్కడో అడుగున ఉన్నా, ఉండటం ఉండటమే.

ఆ ఒక్క పాయింటు కోసం ఏలూరులో ఒక ఇల్లు మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆ ఇంటి పెద్ద రాకెట్లకి తీగలు బిగించే మనిషి. ఆ పనిని మేము గట్టింగ్ అంటాం. ఆయన తండ్రి, తాత తివాచీలు నేసినవాళ్ళు. మగ్గం మూలపడ్డాక ఆయన చేతులు రాకెట్ల మీదికి వచ్చాయి. మా కాలేజీ రాకెట్లన్నీ ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాణ్ణి. నేను ఆయన్ని సాయిబు గారూ అనేవాణ్ణి, ఆయన నన్ను మాస్టారండీ అనేవారు. తీగ బిగించాక మిషను మీద అంకె చూసేవారు కాదు. వేలితో ఒకసారి మీటి చెవి దగ్గర పెట్టుకునేవారు. కోర్టులో ఎవరో ఆడుతుంటే తల ఎత్తకుండానే, "ఆ చివర అబ్బాయిది ఇంకో పది నిమిషాల్లో తెగిపోద్దండీ" అనేవారు. తెగిపోయేది.

ఆయన కొడుకు అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. ఇతరులు వదిలేసిన రాకెట్లతో ఆట నేర్చుకుని రాష్ట్రస్థాయి దాకా వెళ్ళాడు. అంతకు మించి సాగడం లేదు. జంగారెడ్డిగూడెంలో మేనమామకి టైర్ల కొట్టు ఉంది. వచ్చి చూసుకోమని ఆయన కబురు మీద కబురు పంపుతున్నాడు. చివరికి తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ఏలూరు టోర్నమెంటులో పాయింటు వస్తే ఇంకో రెండేళ్ళు ఆడటం, రాకపోతే జంగారెడ్డిగూడెం బస్సెక్కడం. ఊరివాడని నిర్వాహకులు కుర్రాడికి నేరుగా మొదటి రౌండులో చోటిచ్చారు. తండ్రిని టోర్నమెంటు గట్టింగ్ మనిషిగా పెట్టుకున్నారు. ఒకటో నంబరు కోర్టు చివర టార్పాలిన్ పందిరి కింద ఆయన మిషను పెట్టారు.

కుర్రాడికి మొదటి మ్యాచ్ నాలుగో సీడ్‌తో పడింది. అతను ఆ పోటీల్లో నాలుగో మేటిగా లెక్కకొచ్చినవాడు, యూరప్ నుంచి వచ్చిన ఆటగాడు, పెద్ద సర్వీసు గలవాడు. క్లబ్బులో పెద్దలందరూ ముందే నిట్టూర్చేశారు. అయితే మ్యాచ్‌కి ముందు రోజు మధ్యాహ్నం, మండవల్లి దగ్గర చేపల చెరువులున్న ఒక క్లబ్బు మెంబరు గారు ఆటగాళ్ళందర్నీ భోజనానికి తీసుకెళ్ళారు. కొర్రమీను పులుసు, ఇగురు, వేపుడు. ఆ విదేశీయుడు మొహమాటస్తుడు. మనవాళ్ళు పక్కన నిలబడి, "అబ్బే, మీరేం తినలేదండీ, ఈ ఒక్క ముక్కా వేసుకోండి" అంటుంటే అతనికి వద్దు అనే ధైర్యం లేకపోయింది. చేప తాజాదే, అందరం తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. పాపం అతన్ని పడగొట్టింది మన మర్యాద.

మర్నాడు ఉదయం పదింటికి మ్యాచ్. మొదటి రౌండుకి లైన్ అంపైర్లు లేరు, బంతులు అందించేవాళ్ళు లేరు. కుర్చీ మీద నేనొక్కణ్ణే. విదేశీయుడి మొహం పాలిపోయి ఉంది. టాస్ గెలిచి సర్వీసు తీసుకున్నాడు. సాయిబు గారి పందిరి ఉన్న వైపు నిలబడ్డాడు. కుర్రాడు ఎదర చివర వంగి సిద్ధంగా ఉన్నాడు. పందిరి పక్కన ఒక పొడుగాటి పంజాబీ యువకుడు కిట్‌బ్యాగు మీద కూర్చుని ఉన్నాడు. అతను అసలు టోర్నమెంటులో చోటు కోసం ముందుగా జరిగే క్వాలిఫయింగ్ పోటీల చివరి మ్యాచ్‌లో ఓడిపోయినవాడు. అలాంటివాళ్ళని లక్కీ లూజర్ అంటారు. మొదటి రౌండులో ఎవరైనా మ్యాచ్ మొదలు కాకముందే తప్పుకుంటే ఆ చోటు వీళ్ళకి దక్కుతుంది. ఆ ఆశతో అతను రెండు రోజులుగా పొద్దున్నే వచ్చి రిఫరీ దగ్గర సంతకం పెట్టి, ఆ బ్యాగు మీద కూర్చుంటున్నాడు.

"ప్లే" అన్నాను. అని తల దించాను.

ఎందుకు దించానంటే, టైము రాయడానికి. మండల పోటీల్లో, జిల్లా పోటీల్లో అన్నీ మా డ్రిల్లు మాస్టర్లమే. కోర్టుకి ముగ్గు వేసేది, విజిలు ఊదేది, స్కోరు కార్డు రాసేది మేమే. మొదలైన టైము రాయకపోతే కార్డు వెనక్కి తిప్పి పంపేవారు. ఇరవై ఏళ్ళుగా విజిలు ఊదిన మరుక్షణం తల దించి టైము రాయడం నా చేతికి అలవాటైపోయింది. అంపైరు పుస్తకంలో ఆ టైము ముందే రాసుకోవాలని ఉంది. పుస్తకం నాకు కంఠతా వచ్చు. చెయ్యి మాత్రం పాత డ్రిల్లు మాస్టారుదే.

పది గంటల ఏడు నిమిషాలు అని రాసి తల ఎత్తేసరికి బంతి అతని కాళ్ళ దగ్గర దొర్లుతోంది. అతను రాకెట్టుని చేతికర్రలా నేలకి ఆనించి, కడుపు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. తరవాత మెల్లిగా నడిచి వచ్చి నా కుర్చీ పక్క బెంచీ మీద కూలబడ్డాడు. ఇక ఆడలేనన్నట్టు చెయ్యి ఊపాడు.

రిఫరీ మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన. మెత్తటి మనిషి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. వచ్చి ఒకటే అడిగారు.

"మొదటి సర్వీసు కొట్టాడా?"

అంతా ఆ ప్రశ్న మీదే ఉంది. సర్వీసు కొట్టి ఉంటే మ్యాచ్ మొదలైనట్టు. అప్పుడు విదేశీయుడు మధ్యలో మానుకున్నట్టు లెక్క, మన కుర్రాడు గెలిచినట్టు. పాయింటు, జాబితాలో పేరు, ఇంకో రెండేళ్ళ ఆట. బంతి పైకి ఎగరేసి కొట్టకుండా ఆగిపోతే మ్యాచ్ మొదలు కానట్టే. అప్పుడు బ్యాగు మీద కూర్చున్న లక్కీ లూజర్ లేచి వస్తాడు.

"కొట్టేడండీ! మేం చూసేం కదండీ!" అని క్లబ్బు పెద్దలు నలుగురు అరిచారు. వాళ్ళు కోర్టుకి వీపు పెట్టి టీ తాగుతున్నారని నాకు తెలుసు. బెంచీ మీద ఉన్న విదేశీయుణ్ణి రిఫరీ అడిగితే, గుర్తులేదని తల అడ్డంగా ఊపి బకెట్ కోసం చెయ్యి చాచాడు. ఇక అందరూ నా నోటివంక చూశారు. ఎన్నేళ్ళుగానో నాకు ఇష్టమైన చూపు అది.

చూడలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ ఏడు నాకు పై బ్యాడ్జి రావాల్సి ఉంది. చైర్ అంపైరు మొదటి సర్వీసు చూడలేదంటే ఇక వచ్చినట్టే. పైగా కొట్టాడంటే మన కుర్రాడికి మంచిది. నా పిరికితనం, నా అభిమానం రెండూ ఒకే దారిలో నడిచాయి.

"కొట్టాడు సార్. ఫాల్ట్" అన్నాను. అడక్కుండానే ఫాల్ట్ అని, అంటే ఆ సర్వీసు గడిలో పడలేదని కూడా చేర్చాను, అతికినట్టు ఉంటుందని.

రిఫరీ తల ఊపారు. విదేశీయుణ్ణి కారెక్కించి ఆసుపత్రికి పంపారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. పంజాబీ యువకుడు సగం లేచినవాడల్లా మళ్ళీ బ్యాగు మీద కూర్చున్నాడు. కుర్రాడు ఎదర చివరి నుంచి నడిచి వస్తున్నాడు. నేను కార్డు మీద ఫలితం రాయడానికి కలం తీశాను.

అప్పుడు సాయిబు గారు పందిరి కింద నుంచి లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. చేతిలో సగం బిగించిన రాకెట్టు ఉంది.

"మాస్టారండీ, ఒక్క మాటండీ."

"చెప్పండి సాయిబు గారూ."

"తీగ మోగలేదండీ."

చప్పట్లు కొట్టిన పెద్దలు, నడిచి వస్తున్న కుర్రాడు అందరూ ఇటు తిరిగారు.

"ఆ అబ్బాయి రాకెట్టుకి నిన్న నేనే వేసేనండీ. దాని మోత నాకు తెలుసండీ. నా వెనకాలే కదండీ నుంచున్నాడు. మోగలేదండీ."

నేను కుర్చీలోంచి వంగి, ఆయనకి మాత్రమే వినపడేలా అన్నాను. "పాయింటు మీ అబ్బాయికేనండీ వచ్చేది."

"అవునండీ. అందుకేనండీ చెప్తున్నాను. ఇంకోళ్ళబ్బాయికైతే నాకెందుకండీ, ఊరుకునేవోణ్ణి."

ఆయన కోపంగా అనలేదు. నిందగానూ అనలేదు. రాకెట్టులో పగులుంది, చూసుకోండి అని చెప్పినట్టు చెప్పారు. ఆ కుర్చీకి ఆరు మెట్లుంటాయి. అవి దిగడానికి నాకు పట్టినంత సేపు ఇంకెప్పుడూ పట్టలేదు. రిఫరీ దగ్గరికి వెళ్ళి, "నేను చూడలేదు సార్. తల దించి టైము రాస్తున్నాను. అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తరవాత ఆయన కుర్రాణ్ణి పిలిచారు. "నువ్వు ఎదురుగా ఉన్నావు కదా. బంతికి రాకెట్టు తగిలిందా?"

కుర్రాడు తండ్రివంక చూశాడు. కాసేపు చూశాడు. "నాకు సరిగా కనిపించలేదు సార్" అన్నాడు.

కొట్టినట్టు సాక్ష్యం లేదు కాబట్టి మ్యాచ్ మొదలు కాలేదని రిఫరీ తేల్చారు. లక్కీ లూజర్‌ని పిలిచారు. పెద్దలు సాయిబు గారిని ఏదో చిత్రమైన మనిషిని చూసినట్టు చూశారు. ఒకాయన పైకే, "కన్నకొడుకు నోటి దగ్గర కూడు లాగేసేరు కదండీ" అన్నారు. సాయిబు గారు విననట్టే పందిరి కిందకి వెళ్ళి మిషను ముందు కూర్చున్నారు.

నన్ను కుర్చీ మీద నుంచి తప్పించి ఫలితాల బల్ల దగ్గర వేశారు. ఆ మ్యాచ్ అక్కడి నుంచే చూశాను. కుర్రాడు మొదటి సెట్టు ఆరు మూడుతో గెలిచాడు. నా గుండె కొంచెం కుదుటపడింది. రెండో సెట్టులో పంజాబీ అతని మంచి రాకెట్టు తెగింది. దాన్ని పరుగున తెచ్చి సాయిబు గారికి ఇచ్చాడు. నేను కళ్ళార్పకుండా చూశాను. ఆయన నెమ్మదించలేదు, తొందరపడలేదు. ఎప్పటిలాగే వంగి బిగించారు. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఒక తీగ నచ్చక విప్పి మళ్ళీ లాగి, అప్పుడు ఇచ్చారు. రెండో సెట్టు ఆరు నాలుగుతో పంజాబీ అతనిది. మూడోది టైబ్రేక్ దాకా వెళ్ళింది. అయిదు అయిదు దగ్గర కుర్రాడి ఫోర్‌హ్యాండు నెట్ పట్టీకి తగిలి ఇవతలే పడింది. తరవాతి పాయింటుకి మ్యాచ్ అయిపోయింది.

సాయంత్రం ఆ ఫలితం నేనే టైపు చేశాను. రెండు పేర్లు, గెలిచినవాడి పేరు పక్కన లక్కీ లూజర్ అని గుర్తు, మూడు సెట్ల అంకెలు. అంతా కలిపి ఒక్క వరస. మర్నాటి పేపర్లో అది కూడా కుదించి సగం వరస వేశారు. ఫ్యాక్సు మిషను కాగితాన్ని లోపలికి లాక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది. పక్కన ఉన్న క్లబ్బు గుమాస్తా నాకు జ్వరమేమో అనుకుని మాత్ర ఇచ్చాడు. అదీ వేసుకున్నాను.

కుర్రాడు ఆ వారంలోనే జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయాడు. నాకు పై బ్యాడ్జి రాలేదు. రెండేళ్ళు ఎవరూ కుర్చీ ఎక్కమనలేదు. అది న్యాయమే, దాని గురించి నాకు బాధ లేదు. కానీ సోమవారాలు నన్ను వదిలేవి కావు. మా తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి ప్రపంచ ర్యాంకుల జాబితా అడుగు నుంచి పైకి చూసేవాణ్ణి. పంజాబీ అతని పేరు కనపడేది. మొదట పన్నెండు వందల పైన ఎక్కడో, ఏడాదికి కాస్త పైకి, తరవాత మళ్ళీ కిందికి, చివరికి ఒక సోమవారం లేదు. అతను మంచి ఆటగాడు, అతని మీద నాకేం కోపం లేదు. ఆ జాబితాలో ఇంకో పేరు కూడా ఉండాల్సిందని మాత్రం ప్రతిసారీ అనిపించేది.

అయిదారేళ్ళ తరవాత కాలేజీల వాలీబాల్ పోటీల పని మీద కామవరపుకోట మీదుగా జంగారెడ్డిగూడెం వెళ్ళాను. పని అయ్యాక టైర్ల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. కుర్రాడు కాస్త ఒళ్ళు చేశాడు. నన్ను చూసి లేచి స్టూలు వేసి టీ తెప్పించాడు. పొగాకు లారీలు, పామాయిల్ తోటల ట్రాక్టర్లు, వ్యాపారం బాగుందని చెప్పాడు. ఊరి పిల్లలకి ఆదివారాలు టెన్నిస్ నేర్పుతున్నానన్నాడు. నేను క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపు తనే అన్నాడు.

"మాస్టారండీ, ఆ రోజు మీరు తల దించేరు కదండీ."

"దించానయ్యా."

"మా నాన్న కూడా దించే ఉన్నారండీ, గట్టింగ్ చేస్తా. తలెత్తి చూసింది నేనొక్కణ్ణేనండీ."

టీ గ్లాసు కింద పెట్టాను. "ఏం చూశావు?"

"తగిలిందండీ. తీగకి కాదు, ఫ్రేము అంచుకి. అలా రాసుకుని పక్కకి పడిందండీ. అక్కడ తీగెందుకు మోగుద్దండీ?"

రాకెట్టులో ఏ భాగం తగిలినా సర్వీసు కొట్టినట్టే. మ్యాచ్ మొదలైంది. కుర్రాడు గెలిచాడు. నేను చూడకుండా చెప్పిన అబద్ధమే నిజం. అంత నిజాయతీగా సాయిబు గారు చెప్పిన మాట పట్టుకుని మేం తేల్చిందే తప్పు.

"మరి రిఫరీ అడిగితే ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎలా చెప్పమంటారండీ? అప్పటికే మా నాన్న అందరి ముందూ చెప్పేసేరు. పాయింటేమో నాకు. నేను తగిలిందంటే, కొడుకు దొంగమాట చెప్తున్నాడని ఆయన అనుకుంటారు కదండీ. ఆయన చెవి మీద ఆయనకంత నమ్మకం." అని టైరు మీద చెయ్యి వేసి నిమిరాడు. "అయినా ఎలాగూ ఆడతాను కదా, ఆడి గెల్చేద్దామనుకున్నానండీ. గెలవలేదు. అంతేనండీ."

నేను అతని చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. "అయ్యో, మీరలా అనకండి" అని అతనే ఇబ్బంది పడ్డాడు. బస్సు దాకా వచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు. కిటికీ దగ్గర నిలబడి, "మా నాన్నకి మాత్రం చెప్పకండి మాస్టారండీ" అన్నాడు.

చెప్పలేదు. సాయిబు గారు పోయి ఏడాది దాటింది. కొడుకుని అడిగి, అతను సరేనన్నాకే ఇది రాస్తున్నాను. మీరు ఏ ఫలితం చూసినా అందులో అంకెలు మాత్రమే ఉంటాయి. కుర్చీ మీదవాడు ఒక్క క్షణం తల దించితే, ఎవరు ఏం పోగొట్టుకున్నారో అందులో రాయరు.

జంగారెడ్డిగూడెం వెళ్ళొచ్చిన కొన్నేళ్ళకి, ఆయన ఇంకా ఉండగానే, నేను రిటైరైన నెలలో ఏలూరులో ఆయన కొట్టుకి వెళ్ళాను. చూపు మందగించినా వేలు, చెవి అలాగే ఉన్నాయి. ఇద్దరు కొత్త అంపైర్లు రాకెట్ల కోసం కూర్చుని ఉన్నారు. ఆయన వాళ్ళకి ఆ రోజు కథ చెబుతున్నారు. కొడుకు పాయింటు పోయినా మాట పోలేదని చెబుతున్నారు. ఆ కుర్రాడు కూడా కళ్ళారా చూడలేదు గనక చూశానని అనలేదని, పెంపకం అంటే అదని, నవ్వుతూ చెబుతున్నారు. అంతలో నన్ను పోల్చుకున్నారు, ఆయన మొహం విప్పారింది.

"ఇదిగో మాస్టారే వచ్చేరు, అడగండి. ఏవండీ, ఆ రోజు తీగ మోగలేదు కదండీ?"

ఈసారి నేను తల దించలేదు. ఆయన మొహంలోకి చూసే చెప్పాను.

"మోగలేదండీ."